నా చేయి పట్టి ఆపినవాడు

మా అన్న పోయాడు. తోడబుట్టినవాడు కాదు, డిపార్టుమెంటు కబడ్డీ జట్టులో ఏళ్ల తరబడి నా పక్కన నిలబడినవాడు. మైత్రీవనం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్న పోయిండు. పంజాగుట్ట శ్మశానానికే తీస్కపోతున్నం. జర జల్ది రా." కోచింగ్ పిల్లలు నా స్కూటర్‌ను తప్పించుకుంటూ పోతూనే ఉన్నారు. హారన్ కొట్టే ఓపిక కూడా లేకపోయింది నాకు.

కబడ్డీ తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. కూతకు వచ్చినవాడి కాలు పట్టేవాడు కార్నర్. అది నేను. కార్నర్ చేయి పట్టుకుని పక్కనే ఉండి, కాలు దొరకగానే కూతగాడికి అడ్డం పడేవాడు అన్న. చప్పట్లు నాకు, దెబ్బలు ఆయనకు. పేపర్లో ఫొటో పడితే అందులో నా మొహం, ఆయన మోచేయి ఉండేవి. ఆ మోచేతినే చూసుకుని, "మంచిగనే వచ్చిన గదా" అనేవాడు మహానుభావుడు.

నాది తొందర. కూతగాడు కాలు కదిపితే చాలు, దూకబోయేవాణ్ణి. అన్న చేయి పట్టి వెనక్కి లాగేవాడు.

"ఇడువన్నా, దొరుకుతుండె గదా!" అని ఒంటికాలి మీద లేచేవాణ్ణి.

"దొరుకుతుండె. వానికి నువ్వు" అనేవాడు. "కాలు వానిది తమ్మీ, టైమ్ మనది. నేను ఇడిసినప్పుడు దుంకు."

అప్పటికి నాది టెంపరరీ నౌకరీ. సిరిసిల్లలో మగ్గం వదిలి వచ్చిన మా నాయన అమీర్‌పేట సందులో కుట్టుమిషన్ తొక్కుతుంటే ఇల్లు గడిచేది. ఆ ఏడు ఫైనల్ గెలిపిస్తే పర్మనెంట్ చేయిస్తానని మా ఆఫీసరు మాటిచ్చాడు. చివరి కూత ఆపితేనే గెలుపు. దూకబోయాను, లాగాడు. మళ్లీ దూకబోయాను, మళ్లీ లాగాడు. ఉన్నట్టుండి వదిలేశాడు. దూకాను. కాలు నా చేతుల్లో ఉంది. కూతగాడి బరువంతా అన్న కుడి భుజం మీద పడింది. విజిల్ ఊదేదాకా ఆయన జరగలేదు. నన్ను ఎత్తుకుని ఊరేగిస్తుంటే, గీతపక్కన భుజం పట్టుకుని కూర్చుని నవ్వుతున్నాడు.

నాకు ఆర్డరు వచ్చింది. ఆయన భుజం మాత్రం మళ్లీ సరిగ్గా లేవలేదు. అయినా కట్టు కట్టుకుని ఇంకొన్నేళ్లు ఆడాడు. నొప్పా అన్నా అంటే, "ఆటల ఉంటే తెల్వది, ఇంటికాడనే తెలుస్తది" అనేవాడు. రిటైరయ్యాక ఇరానీ హోటల్లో ఎడమచేత్తోనే సాసర్ ఎత్తి చాయ్ తాగేవాడు. నేను తింటున్న అన్నం ఆ భుజం పెట్టినదే.

ఇద్దరికీ జుట్టు నెరిశాక కూడా రోడ్డు దాటేటప్పుడు నా చేయి పట్టేవాడు. "ఇడువన్నా, అందరు చూస్తున్నరు" అంటే, "సూడనియ్యి. బస్సు సూస్తలేదు గద!" అనేవాడు.

చితి అంటుకున్నాక వదినకు చెప్పి బయటికి వచ్చాను. నిజం చెప్పాలంటే, ఏడవడానికి కూడా శక్తి లేదు. స్కూటర్ రోడ్డుకు అవతలి పక్కన ఉంది. ఫుట్‌పాత్ అంచున నిలబడ్డాను. సిగ్నల్ పడింది, బండ్లు ఆగాయి, జనం దాటేశారు. "పెద్దమనిషీ, నడువు" అన్నారెవరో వెనక నుంచి.

కుడిచేయి కాస్త పక్కకు చాచి అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన వదిలితేనే కదా నాకు కదలడం అలవాటు.