తిరిగిరాని దెబ్బ

ఉక్కు గుండ్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెవుల పిన్ని అంటారు. రోజంతా రెండేసి గుండ్లను చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టి వినడమే ఆమె పని. గట్టి గుండు తిన్న దెబ్బను ఖంగుమని తిరిగిచ్చేస్తుంది. బీటవారినది లోపలే దాచుకుని మూలుగుతుంది. అలాంటిదాన్ని ఎర్ర డబ్బాలో వేస్తూ, "పాపం, ఎన్ని దిగమింగిందో" అంటుంది పిన్ని. మొన్న మధ్యాహ్నానికే ఆ డబ్బా నిండిపోయింది. "ఇవాళ వచ్చినవన్నీ బీటలేనే!" అంది పిన్ని. పక్క బల్ల అమ్మాయి ఆ డబ్బాలోంచి రెండు తీసి కొట్టి చూసింది. ఖంగుమన్నాయి. "బాగానే మోగుతున్నాయి కదా పిన్నీ?" పిన్ని ఒక గుండుతో తన కణత మీద మెల్లగా కొట్టుకుని, తల వంచి చాలాసేపు విన్నది. "ఏమైంది పిన్నీ?" "దెబ్బ తిరిగి రాలేదే," అని, బల్ల శుభ్రంగా తుడిచి, వెళ్లి ఎర్ర డబ్బా పక్కన ముడుచుకుని కూర్చుంది.