పటంలో వాలుండదు

యల్లమంద పంతొమ్మిదేళ్లుగా సర్వే గొలుసు లాగుతున్నాడు. నూరు లంకెల ఇనప గొలుసు, అరవై ఆరడుగులు. ముందు కొస పట్టుకుని ఒకడు నడుస్తాడు. వెనక కొస గుర్తుకు ఆనించి "సరి" అనడం యల్లమంద పని. ఆ మాట వినబడితేనే సర్వేయరు పుస్తకంలో అంకె వేస్తాడు. వెల్దుర్తి చుట్టుపక్కల పటాల మీద సర్వేయర్ల సంతకాలున్నాయి గానీ యల్లమంద పేరు ఏ కాగితం మీదా లేదు. పాత పటం కొలిచిననాడు గొలుసు పట్టిన అతని తాత పేరూ లేదు. అందుకు అతనికి కోపం రాలేదు.

కోపం వచ్చింది 1943 ఎండాకాలంలో, పోలమ్మ చేను దగ్గర.

పోలమ్మ హద్దురాయి మాయమైంది. హద్దుకు పైన గుట్ట వైపు పోలమ్మ చేను, కింద అవతలి చేను శ్రీమన్నారాయణది. పోలమ్మ, ఆమె మొగుడు రెండు వేసవులు బండ పగలగొట్టి తవ్వుకున్న చిన్న బావి ఆ హద్దు పక్కనే ఉంది. గుట్ట మీది పొలిమేర రాయి నుంచి కిందికి పన్నెండు గొలుసులని పటం చెబుతోంది. సర్వేయరు పుల్లారావు ఎండకు తాళలేక గొలుసును వాలు వెంట నేలబారున పరిచి కొలిపించాడు. పన్నెండో గొలుసు బావికి ఇవతలే ఆగిపోయింది. అంటే బావి శ్రీమన్నారాయణదన్నమాట. పోలమ్మ చేలో కూలబడింది.

యల్లమంద "సరి" అనలేదు.

"ఏందిరా, నోరు పడిపోయిందా?" అన్నాడు పుల్లారావు.

"గొలుసు పల్లంలోకి దిగిందయ్యా. వాలు కూడా కొలతలో కలిసింది. పటంలో వాలుండదు గదా."

కింది కొసను పైకెత్తి, గొలుసును మట్టంగా పట్టి, దారానికి కట్టిన తూకపు గుండును కొస నుంచి నిలువుగా నేలకు వదిలి, ముక్కలు ముక్కలుగా కొలవాలి. తాత అలాగే కొలిచాడు. ఆరడుగులకు అడుగు దిగే ఈ వాలు వెంట కొలిస్తే పన్నెండు గొలుసులకు హద్దు పదకొండు అడుగులు ఇవతలే పడుతుంది.

"లాగేవాడివి, నాకు లెక్కలు చెప్తావా?"

"లెక్క మీదే. సరి అనటం నా పని. సరిగా లేదు, అనను."

చుట్టూ పదిమంది చూస్తున్నారు. పుల్లారావు పళ్లు నూరుతూ మళ్లీ కొలిపించాడు. హద్దు బావి దాటి పడింది.

అప్పుడు పుల్లారావు పుస్తకంలో ఏదో రాసి పైకి చదివాడు: మొదటి కొలత తప్పడానికి గొలుసు పట్టిన యల్లమంద పొరపాటే కారణం. "వేలిముద్ర వెయ్యి. లేదంటే మొదటి కొలతే ఉంటది," అన్నాడు.

యల్లమంద చెవులు వేడెక్కాయి. పంతొమ్మిదేళ్లకు పేరు కాగితం ఎక్కింది, అదీ తప్పు చేసినవాడిగా.

"వెయ్యమాకు తమ్ముడూ. చెయ్యని తప్పు నెత్తినేసుకోమాకు," అంది పోలమ్మ.

అతను బావి వంక చూశాడు. కాగితం చిరిగేటంత గట్టిగా బొటనవేలు నొక్కాడు. రాయి పాతేదాకా అక్కడే నిలబడి, మట్టిని తనే తొక్కి బిగించాడు.

తర్వాత తూకపు గుండు తీసి రొంటిన దోపుకున్నాడు. పుల్లారావు చెయ్యి చాచాడు.

"రేపటి చేను కూడా వాలేనయ్యా," అన్నాడు యల్లమంద. "గుండు నా దగ్గరే ఉంటది."