ఎదురు కొట్టుకి ఒక మైకైతే మాకు రెండు

నా చిన్నప్పుడు మా నాన్నకి దర్శిలో చిన్న బట్టల కొట్టు ఉండేది. మనిషి మంచివాడే, కానీ ప్రచారం అనేసరికి ఆయన బుర్ర పనిచేసేది కాదు. కూతురిగా ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు. ఒక ఏడు ఖర్చులన్నీ పోగా మిగిలిందే ప్రచారానికన్నాడు. ఏమీ మిగల్లేదు. మరుసటేడు, నిరుటి అమ్మకాల్లో ఇంత వంతు అన్నాడు. నిరుడు అమ్మకాలే లేకపోతే వంతెక్కడిది, నా మొహం!

ఆ తర్వాతి క్రిస్మస్‌కి ఉన్నదంతా ఊడ్చిపెట్టి సరుకు దించాడు. చుట్టుపక్కల పల్లెల్లో చర్చికెళ్ళే కూలి కుటుంబాలు కొత్తబట్టలు కొనేది అప్పుడే. ఆ సరుకు అమ్ముడుపోకపోతే కొట్టు మూసేసి గుంటూరులో ఎవరి దగ్గరో గుమస్తాగా చేరాల్సిందే. అలాంటప్పుడు ఎదురు కొట్టాయన ఒక మైకు రిక్షా తిప్పితే ఈయన రెండు తిప్పాడు. ఆయన రెండు చేస్తే ఈయన మూడు. పొద్దస్తమానం మైకులు అరిచినా మేము కొట్లో ఈగలు తోలుకోవడమే.

నాన్నకి అక్క, మా మేనత్త, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. చూసి చూసి విసిగిపోయి, ఓ పొద్దున మైకులో చెప్పే మనిషిని తనే ఇంటికి పంపేసి, అతను రాలేదని బొంకి, మైకు నాన్న చేతికిచ్చింది. నన్ను రిక్షాలో ఆయన పక్కన కూర్చోబెట్టింది.

ఏ ఊరెళ్ళినా ఇళ్ళకి గొళ్ళేలే. పత్తి తీతల కాలం, ఆడామగా అంతా చేలల్లో ఉన్నారు. నాన్న గొంతు చించుకుంటుంటే కోళ్ళు బెదిరి పారిపోయాయి. చివరికి ఒక ముసలమ్మ బయటికొచ్చి, పసిగుడ్డు ఇప్పుడే నిద్రపోయింది, నీకు పిల్లల్లేరా నాయనా అని కసిరింది. నాన్న మైకు కట్టేశాడు. రిక్షా వెనక్కి తిప్పించాడు.

"ఎదురాయన ఎంత పెట్టాడని చూస్తావేంట్రా," అంది అత్త, మేం తిరిగి రాగానే. "కొనేదెవరు, చేతిలో కూలితో ఎక్కడుంటారు? అది తేలితే ఎంత పెట్టాలో అదే తెలుస్తుంది."

పత్తి తీసినవాళ్ళు సాయంత్రం రైతు దగ్గర తూకం వేయించుకుని అక్కడే కూలి పుచ్చుకుంటారు. రిక్షాలు మానిపించి, ఒక్క మూటలో చీరలూ పిల్లల గౌన్లూ కట్టుకుని అత్త మమ్మల్ని ఆ తూకం దగ్గరికి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళు మూగి రంగులు చూసుకున్నారు, కొందరు అక్కడే కొన్నారు, మిగతావాళ్ళు కొట్టుకొస్తామన్నారు. వచ్చారు కూడా. పండగలోపు అరలు ఖాళీ అయ్యాయి, నాన్న గుంటూరు వెళ్ళలేదు.

అత్తకి ఒక్క మంచిమాట చెప్పలేదు, అంత పంతం. కానీ మరుసటేడు సరుకు దించకముందే, "అక్కా, ఈసారి ఎవరి చేలల్లో తీస్తున్నారు?" అని అడిగాడు.

ఆయన తర్వాత కొట్టు నాకొచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో ప్రకటనలు వేసే కుర్రాళ్ళు వచ్చి, బడ్జెట్ ఎంతండీ అని మొదలుపెడతారు. చూసేదెవరు బాబూ, ఏ పూట చూస్తారు అంటే మళ్ళీ బడ్జెట్ దగ్గరికే వస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. టీ ఇచ్చి పంపేసి, అత్త అడిగిన ప్రశ్న నాకు నేనే వేసుకుంటాను. కొట్టు ఇంకా నడుస్తోంది.