తొమ్మిది రోజులకు పద్నాలుగు రీడింగులు

నేను బయాలజీ టీచర్ని. దయ్యమనీ శకునమనీ ఎవరైనా చెప్పబోతే, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎక్కడైనా రాసిపెట్టారా అని అడిగే రకం. చిన్నప్పుడు మా అమ్మ దిష్టి తీయబోతే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదాన్ని చూసింది నేనే. రాసిపెట్టింది కూడా నా దగ్గరే ఉంది. అయినా దీన్ని బయటపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నెల్లూరుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో పనిచేస్తున్నాను. మా దగ్గర పదో తరగతి గ్రేడ్ అంతా చివరి పరీక్ష మీద ఆధారపడదు. ఐదో వంతు మార్కులు పిల్లలు సొంతంగా చేసే ప్రాజెక్టుకు పోతాయి. వాటిని మేమే వేస్తాం. తర్వాత బోర్డు వాళ్ళు కొన్ని పుస్తకాలు తెప్పించుకుని సరిచూస్తారు. ఎవరైనా అంకెలు కల్పించి రాశారని తేలితే ఆ పిల్లకు ఆ సబ్జెక్టే రద్దవుతుంది.

ఆ ఏడాది నేనిచ్చిన ప్రాజెక్టు నీళ్ళ పరీక్ష. ఒక్కొక్కరు ఒక చోటు ఎంచుకుని, పద్నాలుగు రోజులు పొద్దున్నే ఒకే సమయానికి నీళ్ళ ఉప్పదనం, వేడి కొలిచి రాయాలి. పక్కన ఆ రోజు చూసిన విశేషం ఒక ముక్క రాయాలి. సోమవారం మొదలుపెట్టించాను. తొమ్మిదో రోజు, అంటే మరుసటి మంగళవారం, సగం పని ఎలా ఉందో చూద్దామని పుస్తకాలు తెప్పించుకున్నాను.

అందరి పుస్తకాల్లోనూ తొమ్మిది వరుసలున్నాయి. షబీనా పుస్తకంలో పద్నాలుగు ఉన్నాయి. రాబోయే ఆదివారం దాకా తేదీలు వేసి, అంకెలు నింపేసి ఉంది.

షబీనా క్లాసులో అందరికంటే నెమ్మదైన పిల్ల. కొట్టివేత లేకుండా రాస్తుంది. వాళ్ళ నాన్న మస్తాన్ గారికి వలలు, తాళ్ళు అమ్మే కొట్టుంది. రోజూ ఆయనే స్కూటర్ మీద ఆ పిల్లను ఉప్పుటేరు దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఇంటర్‌లో బయాలజీ తీసుకోవాలంటే ఆమెకు ఇందులో మంచి గ్రేడ్ రావాలి. అలాంటి పిల్ల ఇలా చేసిందని నాకు ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నమే తండ్రినీ కూతుర్నీ కోఆర్డినేటర్ సార్ గదికి పిలిపించాం. సార్ పుస్తకం ముందుకు తోసి ఇదేమిటని అడిగారు. షబీనా అర్థం కానట్టు చూసింది.

"పద్నాలుగు సార్లు పోయినాను సార్. చూసే రాసినాను."

మస్తాన్ గారు తల దించుకున్నారు. "తొమ్మిది దినాలే మేడం. నేనే గదా తీసుకుపోయింది," అన్నారు నాతో.

షబీనా ఆయన వైపు తిరిగింది. ఏడవలేదు, వాదించలేదు. కొంచెంసేపు ఆయన మొహం చూసి, చాలా మెల్లిగా అడిగింది. "ఈ రోజు ఏం తేదీ నాన్నా?"

ఆయన చెప్పారు. ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడది నటన అనుకున్నాను. డేటా కింద సున్నా వేసి, కల్పించిన అంకెలు అని ఫారంలో రాసి సంతకం పెట్టాను. సోమవారం దాన్ని బోర్డుకు పంపుతామన్నారు సార్. ఉప్పదనం కొలిచే స్కూలు మీటర్ ఆమె దగ్గర్నుంచి తీసుకున్నాను. పుస్తకం నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఫారంతో పాటు సాక్ష్యం కూడా జతచేద్దామనుకున్నాను. మిగిలిన ఐదు రోజులూ నేనే వెళ్ళి కొలిస్తే, ఆమె అంకెలు తప్పని ఎవరైనా ఒప్పుకుంటారు కదా. అందుకని బుధవారం పొద్దున ఆరున్నరకు ఉప్పుటేరు దగ్గరికి వెళ్ళాను. ఆమె నిలబడే చోటు తాటి దుంగ వేసిన చిన్న రేవు. కొలిచి, స్కూలుకొచ్చి, బీరువా తీసి పోల్చాను. ఉప్పదనం ఇరవై నాలుగు. ఆమె రాసిందీ ఇరవై నాలుగే. వేడి అర డిగ్రీ తేడా. ముందు రోజులన్నీ కూడా అటూఇటూగా అంతే కాబట్టి పట్టించుకోలేదు.

గురువారం వరుసలో ఆమె పదకొండు అని రాసింది. అది చూసి, ఇక్కడ దొరికిపోయింది అనుకున్నాను. వాన లేదు. ఉప్పదనం ఒక్క రాత్రిలో సగానికి ఎలా పడిపోతుంది?

గురువారం పదకొండే వచ్చింది. మీటర్ కడిగి మూడుసార్లు చూశాను.

గట్టు మీద వల సరిచేసుకుంటున్న పెద్దాయన్ను అడిగాను. "రాత్రి పైన షట్టర్లు ఎత్తినారు మేడం. పొలాల్లో కాలవ నీళ్ళు నిలబడిపోయినాయంట," అన్నాడు. ముందే అనుకున్నదా అంటే కాదన్నాడు. ఆ మాట నమ్మక, షట్టర్ల దగ్గరుండే లస్కర్ని కూడా కనుక్కున్నాను. రైతులు రాత్రి వచ్చి అడిగితే అప్పటికప్పుడు ఎత్తానన్నాడు. షబీనా పుస్తకం మంగళవారం నుంచి నా తాళం కింద ఉంది.

శుక్రవారం పన్నెండు. ఆమె రాసిందీ పన్నెండే. పక్కన చిన్న అక్షరాలతో, చిన్న చేపలు తేలాయి అని ఉంది. ఆ పొద్దున నా కాళ్ళ దగ్గర వేలెడంత చేపలు తెల్లగా తేలుతుంటే నేను చూశాను.

అంతవరకూ ఆ విశేషాలు నేను సరిగా చదవలేదు. మీటింగ్‌లోనూ అందరం అంకెలే చూశాం. శనివారం కొలిచి వచ్చాక ఆ రోజుది చదివాను. ఉప్పదనం పద్నాలుగు, నా మీటర్‌లోనూ ఆమె పుస్తకంలోనూ. దాని పక్కన ఇలా ఉంది: నా చోట ఎవరో ఆడమనిషి నిలబడి ఉన్నారు. పక్కన నిలబడి రీడింగ్ తీశాను.

ఆ పొద్దున ఆ రేవులో నేను తప్ప ఎవరూ లేరు.

ఆదివారం నేను వెళ్ళలేదు. అలారం మోగితే ఆపేసి, మంచం మీద కూర్చుండిపోయాను.

సోమవారం ఫారం వెనక్కి ఇమ్మని కోఆర్డినేటర్ సార్‌ను అడిగాను. అంకెలు నిజమేనని, నేనే కొలిచానని చెప్పాను. అయితే ఐదు రోజుల ముందే ఎలా రాసిందని ఆయన అడిగారు. తెలియదన్నాను. ఆ మాట రాయడానికి ఫారంలో చోటు లేదన్నారాయన. అది నిజమే. చివరికి ఆయనే ఫారం చించేసి, మళ్ళీ మొదటి రోజు నుంచి చేయించమన్నారు. రెండోసారి మస్తాన్ గారు పక్కనే నిలబడి ప్రతి వరుసకూ సంతకం చేశారు. పని ఆలస్యమైంది, రిపోర్టు రాసుకోవడానికి వ్యవధి మిగల్లేదు. షబీనాకు రావాల్సిన దానికంటే ఒక గ్రేడ్ తగ్గింది.

పరీక్షలయ్యాక ఒకరోజు ఆ పిల్లను పిలిచి, నేను అక్కడికి వెళ్ళిన సంగతి చెప్పాను. నీ అంకెలు సరిగ్గానే ఉన్నాయమ్మా అన్నాను.

"తెలుసు మ్యామ్. చూసే రాసినాను గదా," అంది. కోపంగా అనలేదు. ఆ గురువారం, ఆ శుక్రవారం ఎలా వెళ్ళావని అడిగితే, ఎప్పటిలాగే నాన్న స్కూటర్ మీద వెళ్ళానంది. రేవులో ఉన్నదెవరని అడిగాను. వెనకనుంచే చూశానంది. అంతకంటే నేనూ అడగలేకపోయాను.

ఇంటర్‌కు ఏం తీసుకుంటున్నావంటే హిస్టరీ అంది. ఆ గ్రేడ్‌తో కూడా బయాలజీ ఇవ్వమని నేను చెప్పగలను అన్నాను. వద్దని తలూపింది.

"హిస్టరీలో అయిపోయినవే రాస్తారు గదా మ్యామ్."

ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో చదువుతోంది. బాగానే ఉందని మస్తాన్ గారు చెబుతుంటారు. ఆ తొమ్మిది రోజుల్లో ఆ పిల్ల పద్నాలుగు పొద్దులు ఎలా చూసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. పుస్తకంలో పద్నాలుగో వరుస నిజమో కాదో కూడా తెలియదు, ఎందుకంటే ఆ రోజు వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్లకు సున్నా వేసింది నేను.