ట్రైలర్ మీది నాలుగు అతుకులు

శ్రావణ్‌ది బీఎస్సీ కెమిస్ట్రీ. ఆ పట్టా పట్టుకుని మూడేళ్లు తిరిగి, చివరికి ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, యూనివర్సిటీ వర్క్‌షాపులో రాజన్న దగ్గర కాంట్రాక్టు పనికి కుదిరాడు. ఏడేళ్లయింది. ల్యాబు స్టాండ్లు, హాస్టల్ మంచాలు, విరిగిన గేట్లు, ఏది వచ్చినా ఆ రేకుల షెడ్డులోనే బాగయ్యేది. ఇప్పుడు షెడ్డు మూసేస్తారంటున్నారు. రాజన్న రిటైరవుతున్నాడు. మిగిలిన ఒక్క కాంట్రాక్టు మనిషి కోసం వర్క్‌షాపు ఎందుకని పైవాళ్ల ప్రశ్న.

సరిగ్గా అప్పుడే పడవ ట్రైలర్ వచ్చింది. పర్యావరణ విభాగం వాళ్లు చెరువుల్లో నీళ్లు పరీక్షించడానికి పడవను దాని మీద ఎక్కించుకుపోతారు. కొత్తగా కొన్న పడవ పాతదానికన్నా రెండడుగులు పొడవు. ట్రైలర్‌ను కూడా అంత సాగదీయాలి.

"ఇది మంచిగ చెయ్యి శ్రావణ్," అన్నాడు ఆ విభాగం హెడ్ శశిభూషణ్. "గురువారం కమిటీ వస్తది. షెడ్డు ఉండాల్నని నేనే అడుగుత. చూపెట్టనీకి నా దగ్గర ఏదన్న ఉండాలె గద."

శ్రావణ్ ఆ మాటను ఇంటికి మోసుకెళ్లి కరుణకు రెండుసార్లు చెప్పాడు. వాళ్లకు తొమ్మిది నెలల పాప ఉంది.

ట్రైలర్ ఇనుమంతటికీ జింకు పూత ఉంది. పూత మీదే వెల్డింగ్ చేస్తే అతుకు గుల్లబారుతుంది. అందుకని కోసే చోటల్లా నాలుగు వేళ్ల మేర జింకును గ్రైండర్‌తో గీకేశాడు. రెండు పక్కల గొట్టాలనూ కోసి, మధ్యలో కొత్త ముక్కలు పెట్టి అతికాడు. మొత్తం నాలుగు అతుకులు. మళ్లీ గ్రైండ్ చేస్తే అద్దంలా మెరిశాయి. ఇక పోయిన పూత బదులు జింకు పెయింటు వేయాలి. ఆ పెయింటులో ఉండేదంతా దాదాపు జింకు పొడే. అది నేరుగా ఇనుమును తాకితేనే తుప్పు ముందు జింకును తిని ఇనుమును వదిలేస్తుంది. మధ్యలో ఏ పొర అడ్డమున్నా అది ఉత్త రంగే.

సోమవారం మధ్యాహ్నం అతను డబ్బా మూత తీస్తుండగా రాజన్న ఇస్త్రీ చొక్కాలో, చేతిలో కొబ్బరికాయతో వచ్చాడు. ఆ రోజే ఆయన ఆఖరి డ్యూటీ.

"ఉస్తాద్, రంగు ఆరినంక రేపు కొడదాం."

"రేపు అమాస. ఎల్లుండికి నేను ఊళ్లెనే ఉండ. ముప్పై ఏండ్ల సంది నేను కాయ కొట్టకుంట ఈ షెడ్డుల నుంచి ఒక్క స్టూలన్న బయటికి పోయిందా?"

"పోలే. కానీ నీళ్లు పడితే ఇనుము..."

"నీ బీఎస్సీ నా దగ్గర తియ్యకు బిడ్డా. నా కోసం కొడుతున్ననా? నీ నౌకరి ఉండాల్నని కొడుతున్న."

శ్రావణ్ డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. నిజానికి అతనికీ ఆ కాయ కొట్టించాలనే ఉంది. నిద్రపోతున్న పాప ఊపిరి తీస్తోందో లేదోనని పదేపదే వంగి చూసే మనిషి. ఎటునుంచి ఏ సాయం వచ్చినా వద్దనే ధైర్యం అతనికి లేదు.

కాయ పగిలి నీళ్లు ముందరి రెండు అతుకుల మీదుగా జారాయి. రాజన్న వాటికి పసుపు రాసి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రెంటినీ మళ్లీ గ్రైండ్ చేయాలి. గ్రైండర్ అందుకోబోతుంటే కరుణ ఫోన్.

"ఏడున్నవ్? టీకా నాలుగు గంటల దాకనే ఏస్తరట."

"వస్తున్న."

కొబ్బరినీళ్లలో ఉప్పులుంటాయని అతనికి తెలుసు. తడిగుడ్డతో తుడిచి, థిన్నర్ రాసి, ఇది చాల్లే అనుకుని నాలుగింటికీ రంగు వేసి బైకెక్కాడు.

మంగళ, బుధవారాలు వాన పడింది.

గురువారం కమిటీ నుంచి ముగ్గురొచ్చారు. శశిభూషణ్ ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, వాళ్లలో పెద్దాయన బండి తాళంచెవితో ముందరి అతుకు మీద ఊరికే ఒక గీత గీశాడు. రంగు పొక్కులా లేచి ఊడింది. కింద గోధుమరంగు తుప్పు.

"ఇది చేసి ఎన్నాళ్లయింది?"

"మూడు రోజులు సార్. వెనక రెండు మంచిగనే ఉన్నయ్," అన్నాడు శ్రావణ్.

"ముందువి కూడా ఉండాలి కదండీ," అన్నాడాయన, మర్యాదగానే.

వాళ్లు వెళ్లాక శశిభూషణ్ అడిగాడు. "ఏమైంది శ్రావణ్?"

"నాదే తప్పు సార్. సరిగ సాఫ్ చెయ్యలే."

సాయంత్రం తార్నాకలో బండి ఆపి పాలు కొంటుంటే రాజన్న ఫోన్ చేశాడు. "ఎట్లైంది?"

"నెలాఖరుకు మూసేస్తరట ఉస్తాద్. ముందే అనుకున్నట్టున్నరు."

"గంతే. వాళ్లు అనుకున్నంక మనమేం జేసినా గంతే."

శ్రావణ్ అవునన్నాడు.

మరుసటి నెల లాలాపేట్‌లో వెంకటేశ్వర్లు అనే కడప ఆయన గ్రిల్స్ షాపులో పని దొరికింది. మొదటి రోజే జింకు పూత గొట్టాలతో గేటు.

"అన్నా, పూత గీకి అతుకుత."

"గీకేదానికి టైమ్ యాడుంది నాయనా? అట్లే అంటించెయ్."

చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని అట్లాగే అంటించాడు. తెల్లటి పొగ లేచింది. రోజంతా లేస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి నోరంతా ఇనుము రుచి, ఒళ్లంతా వణుకు. స్నానం చేసి దుప్పటి కప్పుకున్నాడు. పాప పాకుతూ వచ్చి దుప్పటి అంచు పట్టుకుని లాగింది.

"ఎత్తుకో, నీ కోసమే చూస్తున్నది," అంది కరుణ.

అది జింకు పొగ జ్వరమని, ఎవరికీ అంటుకోదని అతనికి తెలుసు. చదువుకున్నాడు.

"తీస్కపో," అని గోడ వైపు తిరిగాడు.