గర్భసంచి లేనివాళ్లకు ప్రశ్నలు లేవు

పోయిన నెల నల్లగొండలో ఒక డాక్టరమ్మ నా కాగితాలన్నీ తిరగేసి, "ఏడాదిగా ముట్టు రాలేదంటే ఇక ఆగిపోయినట్టేనండీ. మీ వయసుకు మామూలే, కంగారు పడకండి" అంది. నేనేం కంగారు పడలేదు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు లోపలికి తొంగి చూసేంత గట్టిగా నవ్వాను. ఆమెకేం తెలుసు, మా ఇంటి ఆడవాళ్లలో ముట్టు దానంతటది ఆగిపోయిన మొదటి మనిషిని నేనేనని! మా అమ్మకు, పెద్దమ్మకు, అక్కకు, చిన్నమ్మకు, అందరికీ కత్తితోనే ఆపారు. నాకు మాత్రం యాభై ఒక్క ఏళ్లకు, నా శరీరం తనకు తోచినప్పుడు ఆగింది. ఇది నా తెలివి వల్ల దక్కింది కాదు. మా చిన్నమ్మ కొట్లాడి దక్కించింది.

మాది మోత్కూరు దగ్గరి ఊరు. మా వాడలో ఇద్దరో ముగ్గురో పిల్లలు పుట్టి, పిల్లలు కాకుండా ఆపరేషన్ కూడా అయ్యాక ఆడమనిషికి ఇంకో మెట్టు మిగిలి ఉండేది. నీళ్ల దగ్గర కలిసినా, ఆదివారం ప్రార్థన అయి చర్చి బయట చెప్పులు వెతుక్కుంటున్నా "నీదైందా?" అని అడిగేవాళ్లు, రేషన్ కార్డు వచ్చిందా అని అడిగినట్టు. నడుం నొప్పి అన్నా, తెల్లబట్ట అవుతోందన్నా మా ఊరి ఆరెంపీ డాక్టరు దగ్గర ఒకటే మాట. "పిల్లలైనంక సంచితోని పనేంది? ఉంచుకుంటె కుళ్లి క్యాన్సరైతది." ఆటో కూడా ఆయనే మాట్లాడేవాడు, పట్నం దారిలోని నర్సింగ్ హోంకు తోలుకుపోయేదీ ఆయనే. చూడటానికి వెళ్లే చుట్టాలు తలా ఒక బ్రెడ్డు పాకెట్టు తీసుకెళ్లేవాళ్లు. తినలేక మిగిలిన బ్రెడ్డంతా ఇంటికొచ్చేది. ఎవరిదైనా సంచి తీశారంటే వాడ పిల్లలందరికీ వారం రోజులు పండుగే. నేనూ ఆ బ్రెడ్డు పాలలో అద్దుకుని తిన్నదాన్నే. నాట్ల గుంపు కట్టే మేస్త్రమ్మకు కూడా సంచి లేనివాళ్లంటేనే ఇష్టం. నెలకు మూడు రోజులు నడుం పట్టుకుని గట్టు మీద కూర్చోరు కదా.

చిన్నమ్మకు ఇరవై నాలుగేళ్లప్పుడే తీశారు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, నాకంటే ఏడెనిమిదేళ్లే పెద్ద. ఆపరేషనైన ఏడాదికే ఆమె ఒంట్లో మంటలు మొదలయ్యాయి. చలికాలం పొద్దున్నే తడిబట్ట నెత్తిన వేసుకుని వాకిట్లో కూర్చునేది. అందరూ పైత్యం అన్నారు. కొందరు ఇంకా పెద్ద మాటలే అన్నారు. నలభై దాటక ముందే, పత్తి చేనులో కాలు జారి చెయ్యి నేలకు ఆనించినందుకు మణికట్టు విరిగింది. అదే చోట పడ్డ ఆమె అత్తకు ఏమీ కాలేదు, లేచి చీర దులుపుకుంది. "ముసల్దానికి లేని ముసలితనం నాకెందుకే?" అని చిన్నమ్మ నవ్వేది. ఆ మాటకు జవాబు వెతకాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఇక నా సంగతి. తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, నాకు నలభై నిండాక నెలనెలా రక్తం విపరీతంగా పోవడం మొదలైంది. అప్పుడు నేను తిరుమలగిరిలో ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్సు టీచరును. స్కానింగులో గడ్డ ఉందన్నారు. ఆరెంపీ డాక్టరు తన మాట తాను చెప్పాడు, గురువారానికి ఆపరేషన్ ఖాయం చేశాడు. గర్భాశయం బొమ్మను ఏటా బోర్డు మీద గీసి, భాగాలకు పేర్లు పెట్టి, పిల్లల చేత వల్లె వేయించిన దాన్ని నేను. ఒక్క ప్రశ్న అడగలేదు. సెలవు చీటీ రాసి, బట్టలు సర్దుకుని, నెలరోజులు చిన్నమ్మ దగ్గర పడుకుని లేద్దామని వచ్చేశాను. అమ్మ అప్పటికే లేదు. పథ్యానికని చిన్నమ్మ వెల్లుల్లి కారం దంచి పెట్టింది. పాపం, ఆమె కూడా అది మంచికే అనుకుంది.

మంగళవారం పొద్దున ట్యాబులు పట్టుకుని ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఆడవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన అన్నారు. చిన్నమ్మ సంబరంగా చాప వేసి, మంచినీళ్లిచ్చి, ఫొటో తీస్తారేమోనని కొంగు కూడా సర్దుకుంది. పేరు, వయసు, పిల్లలు అడిగి, కడసారి ముట్టు ఎప్పుడొచ్చిందని అడిగింది ఒకమ్మాయి. "నాకు సంచి తీసిండ్రు బిడ్డా" అంది చిన్నమ్మ. ఆ అమ్మాయి ఏదో నొక్కి, "అయిపోయిందమ్మా, థాంక్స్" అని లేచింది.

"ఏమైపోయింది? ఇప్పుడే గద కూసున్నవు."

"గర్భసంచి లేనివాళ్లకు ఇంక ప్రశ్నలు లేవమ్మా. ఇందులో రావు."

చిన్నమ్మ ముఖం మారిపోవడం నేను చూశాను. "సంచి పోయింది, సరే. నేను పోయిన్నా? నా ఒళ్లు మండుతాంది, నా బొక్కలిరుగుతున్నయి. గవి ఆడదాని రోగాలు గావా?" అంటూ ఆ ట్యాబును అమ్మాయి చేతిలోంచి మెల్లగా తీసుకుంది. తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. "ప్రశ్నలు రాసినోళ్లను రమ్మను. గప్పుడిస్త." ఆ పిల్లలకు ఏడుపొక్కటే తక్కువ. ఈలోపు వాడలో ఎవరెవరిదైందో వాళ్లందరికీ కబురు పోయింది. కాసేపటికి వాకిలి నిండిపోయింది. ఒకామెకు మోకాళ్లు, ఒకామెకు గుండెదడ, ఒకామెకు మొగుడి ముందు చెప్పుకోలేని మంట. ఇన్నేళ్లు ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే అనుకున్నారు.

మర్నాడు నిజంగానే వాళ్ల పెద్ద డాక్టరమ్మ జీపులో దిగింది. కొట్లాటకు సిద్ధమై వచ్చినట్టుంది, చిన్నమ్మ టీ ఇచ్చేసరికి తికమకపడింది. టీ తాగి, చెప్పులు విప్పి, చాప మీద కూర్చుని అందరి మాటా విన్నది. పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగింది. చిన్నమ్మ రేకుపెట్టె తెరిచి, పెళ్లిచీర కింద నుంచి పచ్చబడ్డ కాగితం ఒకటి తీసిచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. "అమ్మా, వీళ్లు గర్భసంచి ఒక్కటే తీయలేదు. అండాశయాలు రెండూ తీసేశారు. ఆ మంటలు, ఎముకలు బలం తప్పడం, అన్నీ దాని వల్లే అయి ఉంటాయి" అంది.

"మరి తియ్యాల్నా గవి?"

"ఇందులో రాసిన కారణానికి ఏదీ తీయాల్సిన పని లేదు."

నాకు సిగ్గుతో తల కొట్టేసినంత పనైంది. ఆ కాగితం ఇంగ్లిషులో ఉంది. వాడ మొత్తంలో అప్పట్లో ఇంగ్లిషు చదవగలిగింది నేను ఒక్కదాన్నే. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ రేకుపెట్టె మీదే కూర్చుని అన్నం తిన్నాను. లోపల ఏముందో ఒక్కసారి తీసి చదివి ఉంటే ఆమెకు ఎప్పుడో మందులు దొరికేవి. ఆ తప్పు నాది. ఇప్పటికీ ఎవరైనా కాదన్నా నేను ఒప్పుకోను.

చిన్నమ్మ ఏడవలేదు. నా వైపు తిరిగి, "నీ కాయితాలు తే" అంది. డాక్టరమ్మ నా స్కానింగు చూసి, గడ్డ చిన్నదని, ముందు పెద్ద దవాఖానలో గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలని, మందులతో చూడకుండా కత్తి పట్టాల్సిన తొందర ఇందులో కనబడటం లేదని చెప్పింది. చిన్నమ్మ లేచి డబ్బా మూత తీసి, ట్యాబుకు అంటిన బియ్యపు తవుడు కొంగుతో తుడిచి ఇచ్చేసింది.

గురువారం తెల్లవారగానే ఆరెంపీ డాక్టరు ఆటో తెచ్చాడు. అప్పటికే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉన్న చిన్నమ్మ, నేను నోరు తెరిచే లోపే ఆ పచ్చబడ్డ కాగితం పట్టుకుని ఆటో ఎక్కి మధ్యలో కూర్చుంది.

"నువ్వెందుకు, టీచరమ్మ గద రావాల్సింది?" అన్నాడు ఆయన.

"నేనే వస్త డాక్టరూ. నాది యాడ వెట్టిన్రో అడిగి మళ్ల నాకు వెట్టిపియ్యి. గర్భసంచి, గా రెండు గుడ్డు సంచులు, మూడూ ఇందుల రాసున్నయి. నావి నాకు వెట్టినంక నా బిడ్డ మీద చెయ్యెయ్యుండ్రి."

ఆయన నవ్వబోయాడు. వాకిళ్లలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆటో చుట్టూ చేరారు. మా అక్క వచ్చింది. మేస్త్రమ్మ కూడా నాట్లు వదిలేసి వచ్చింది, ఆమెదీ ఎప్పుడో అయింది. "జర దిగమ్మా, నాకేం తెల్వదు" అన్నాడాయన. "తెల్వనోనివి ఎందుకు చెప్పినవు?" అంది చిన్నమ్మ. చివరికి ఆయన ఆటో అక్కడే వదిలేసి నడుచుకుంటూ పోయాడు. ఆ రోజు నుంచి మా వాడలోకి ఆ పని మీద ఆటో రాలేదు.

నాకు మందులతో తగ్గింది. ముక్క పరీక్షలో ఏమీ లేదు. చిన్నమ్మకు ఎముకల మందులు సర్కారు దవాఖానలో దొరుకుతున్నాయి, కానీ మణికట్టు వంకర వంకరగానే ఉండిపోయింది. ఆడవాళ్ల ఆరోగ్యం గురించి జిల్లాలో ఏ మీటింగు జరిగినా ఆమెను పిలిచినా వెళ్తుంది, పిలవకపోయినా వెళ్తుంది. ముందు వరసలో కూర్చుంటుంది. ఉపన్యాసాలయ్యాక లేచి ఆ కాగితం చూపించి, "గిట్ల తీసినోళ్లను ఎవరడుగుతరు సారూ?" అంటుంది. పరిశీలిస్తామంటారు. "నిరుడు గూడ గదే అన్నరు" అంటుంది. పక్కన నేను కాగితాన్ని తెలుగులో గట్టిగా చదువుతాను, అది నాకు ఆమె వేసిన శిక్ష. ఇప్పుడామెకు అరవై నిండబోతున్నాయి, జుట్టంతా నెరిసింది. ఇరవై నాలుగేళ్లకే ఆమెను ముసలిదాన్ని చేసినవాళ్లు, ఆమె నిజంగా ముసలిదయ్యేదాకా బతికి వచ్చి అడుగుతుందని అనుకొని ఉండరు.