పిల్లల జవాబుల గడి

గంగామణి టీచర్ లెసన్ ప్లాన్ రాస్తే చూడముచ్చటగా ఉండేది. ఎడమ గడిలో తన ప్రశ్నలు, కుడి గడిలో పిల్లల జవాబులు. పాఠమే మొదలు కాకుండా పిల్లలేం చెబుతారో ఆమెకెలా తెలుసంటారా? అదే మరి! ట్రైనింగులో అలాగే నేర్పారు, ఇన్నేళ్లూ అలాగే రాసింది. తనిఖీ ఉందంటే ఆ జవాబులు పిల్లల చేత బట్టీ కూడా పట్టించేది. లింగంపేట దగ్గరి ఆ చిన్న బడిలో దాన్నెవరూ తప్పుపట్టలేదు.

మొన్న కార్తీకంలో తనిఖీకి వచ్చిన సారు ఐదో తరగతి త్రివేణిని చూసి, "నీ పేరేంది బిడ్డా?" అని ముద్దుగా అడిగాడు. పిల్ల దిగ్గున లేచి, కళ్లు గట్టిగా మూసుకుని అప్పజెప్పింది: "నీరు ఆవిరిగా మారును సార్!"

తరగతంతా గొల్లుమంది. సారూ నవ్వాడు. పాపం, ఆ రోజు నుంచి త్రివేణి బడిలో నోరు విప్పితే ఒట్టు.

టీచర్‌కు అన్నం సహించలేదు. పిల్లదేం తప్పు? బట్టీ పట్టించింది తనే కదా! వేసవి దాటితే త్రివేణి పెద్దబడికి పోతుంది. ఇలా మూగగా పోతే అక్కడ పట్టించుకునేదెవరు? తోటి టీచర్ గ్లోరీ దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"కుడి గడి ఖాళీగ ఇడిసిపెట్టక్కా. పిల్లల ఇండ్లల్ల ఉన్నదాని గురించే అడుగు," అంది గ్లోరీ.

"ఖాళీగనా! ఎవరన్న జూస్తే ఏమంటరే?"

"ఏమన్న అననీ."

మర్నాడు అదే ఆవిరి పాఠానికి టీచర్ తడిపిన తునికాకుల కట్ట తెచ్చి బల్లమీద పెట్టింది. ఇంటింటా బీడీలు చుట్టే ఊరు. ఆ ఆకు తెలియని పిల్ల లేదు. "తడిపిన ఆకు మీద మీ అమ్మలు తడిగోనె ఎందుకు కప్పుతరు?" అని అడిగి ఊరుకుంది. అబ్బ, ఊరుకోవడం ఆమెకెంత ప్రాణసంకటమో! జవాబు నాలుక చివరే ఉంది. ముందు వరస చేతులెత్తినా చూడనట్టే, కిటికీ వైపు తిరిగి నిల్చుంది.

"గాలి తగిలితె ఎండుతది టీచర్." సన్నటి గొంతు, త్రివేణిదే. "ఎండ లేకున్న ఎండుతది. ఎండినంక కత్తిరిస్తె ఇరుగుతది, అమ్మ తిడతది." అంతలోనే భయంగా అడిగింది: "తప్పా టీచర్?"

తప్పట! టీచర్ గబగబా లెసన్ ప్లాన్ తెరిచి, ఖాళీ గడిలో పెన్ను పెట్టింది.

"మళ్ల జెప్పు బిడ్డా," అంది. "నువ్వు అన్నది అన్నట్టే రాసుకుంట."